సీటు మనది, మెజారిటీ ఎవరిది?

హైస్కూలు సాంఘికశాస్త్రంలో పార్లమెంటు మీద ఒక పాఠం ఉంటుంది. మనలో టీచర్లుగా ఉన్నవాళ్ళు ఆ పాఠం ఏటా చెబుతూనే ఉంటారు. రాష్ట్రపతి, లోక్‌సభ, రాజ్యసభ కలిస్తే పార్లమెంటు. లోక్‌సభకు 543 మంది ఎన్నికవుతారు. అందులో 84 సీట్లు ఎస్సీలకు, 47 ఎస్టీలకు రిజర్వు. అంతే, పాఠం ముందుకు పోతుంది. వాడ నుంచి వచ్చిన పిల్లవాడు ఆ లెక్క బట్టీ కొట్టి రెండు మార్కులు తెచ్చుకుంటాడు. ఆ 84 మందిని ఎన్నుకునేది ఎవరు అని పాఠం అడగదు, మనమూ అడగం.

ఈ వ్యాసంలో మేము ఆ ఒక్క వాక్యాన్ని విమర్శకు పెడుతున్నాం. రిజర్వుడు సీట్లు వద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ మాట అనడానికి అగ్రకుల మేధావులు చాలామందే ఉన్నారు, వాళ్ళ పక్కన నిలబడే పని మాకు లేదు. మేము చెప్పేది వేరు. పార్లమెంటులో దళితుడికి కుర్చీ ఇచ్చారు, ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చే అధికారం మాత్రం దళితుల చేతికి ఇవ్వలేదు. ఇది పొరపాటున జరిగింది కాదు. 1932లో, 1947లో, 1961లో మూడుసార్లు ఈ ప్రశ్న తలెత్తింది, మూడుసార్లూ తలుపు వేశారు. ఆ మూడు సందర్భాల్లో రెండు నేరుగా మన తెలుగు నేలకు సంబంధించినవి. అయినా మన ఉద్యమ తరగతుల్లో కూడా వాటిని చెప్పుకునేది తక్కువే.

మొదటి తలుపు: పూనా

1932 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించింది. దాని ప్రకారం అణగారిన కులాలకు కొన్ని ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. అక్కడ నిలబడేదీ అంటరానివాడే, ఓటు వేసేదీ అంటరానివాళ్ళే. పైగా మామూలు నియోజకవర్గంలో అందరితోపాటు మరో ఓటు కూడా ఉంటుంది. అంటే తన మనిషిని తాను ఎన్నుకోవచ్చు, సవర్ణ అభ్యర్థి కూడా తన గడప తొక్కి ఓటు అడగాల్సి వస్తుంది. ఎరవాడ జైల్లో గాంధీ నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఆయన ప్రాణానికి ఏమైనా అయితే ఊళ్ళలో దళితవాడల గతి ఏమవుతుందో అంబేద్కర్‌కు తెలుసు. సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక మీద సంతకాలయ్యాయి.

ఒడంబడిక వల్ల సీట్లు పెరిగిన మాట నిజం. రాష్ట్రాల శాసనసభల్లో 148 సీట్లు వచ్చాయి, అవార్డు ఇచ్చినదానికి దాదాపు రెట్టింపు. ఈ లెక్క చూపించి పూనాలో మనకే లాభం జరిగిందని ఇప్పటికీ చెబుతారు. సీట్లు రెట్టింపయ్యాయి, ఎన్నుకునే హక్కు సగమైంది. ప్రత్యేక నియోజకవర్గం పోయి ఉమ్మడి నియోజకవర్గం వచ్చింది. మిగిలిన ఒక్క రక్షణ ప్రైమరీ ఎన్నిక. ముందు దళిత ఓటర్లు నలుగురితో ఒక ప్యానెల్ ఎన్నుకోవాలి, తర్వాత ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. అయితే ప్యానెల్లో మొదట వచ్చినవాడే సభకు పోవాలని నియమం లేదు. నాలుగోవాడు సవర్ణులకు నచ్చితే నాలుగోవాడే గెలుస్తాడు.

1945-46 ఎన్నికల్లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. ప్రైమరీ పోటీలు జరిగిన చోట్ల మద్దతు ఎటు ఉందో చూడండి, అసలు ఎన్నికలో ఫలితం ఎటు తిరిగిందో చూడండి అని అంబేద్కర్ లెక్కలు ముందు పెట్టి వాదించారు. 1947లో రాజ్యాంగ సభకోసం రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో మళ్ళీ ప్రత్యేక నియోజకవర్గాలే అడిగారు. పూనాలో ఆయన ఇష్టపడి ఒప్పుకున్నారని చెప్పేవాళ్ళు ఈ పత్రం ఒకసారి తిరగేస్తే మంచిది. చివరికి 1950 రాజ్యాంగంలో సీట్లు మిగిలాయి, ఉమ్మడి ఓటు మిగిలింది, నలుగురి ప్యానెల్ కూడా పోయింది. రాజ్యాంగ ముసాయిదా రాసిన చెయ్యి అంబేద్కర్‌దే, కానీ సభలో ఓట్లు ఆయనవి కావు.

రెండో తలుపు: నాగప్ప అడిగిన 35 శాతం

1947 ఆగస్టు చివర్లో రాజ్యాంగ సభ మైనారిటీల సలహా సంఘం నివేదికను చర్చించింది. ప్రత్యేక నియోజకవర్గాలు ఉండవని అప్పటికే నిర్ణయమైపోయింది. ఆ సందర్భంలో మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళిన మన దళిత సభ్యుడు ఎస్. నాగప్ప ఒక సవరణ ప్రతిపాదించారు. సరే, ఉమ్మడి ఓటే ఉండనివ్వండి, అందరూ వేయండి. అయితే షెడ్యూల్డ్ కులాల సీట్లో గెలిచాడని ప్రకటించే ముందు ఒక్కటి చూడండి. పోలైన షెడ్యూల్డ్ కులాల ఓట్లలో కనీసం 35 శాతం ఆయనకు పడి ఉండాలి. సవరణ సారాంశం ఇంతే.

ఆయన సగం కూడా అడగలేదు, మూడోవంతు కంటే కాస్త ఎక్కువ అడిగారంతే. మా ప్రతినిధి అని మీరు ఎవరినైతే సభలో కూర్చోబెడుతున్నారో, ఆయన్ని మాలో మూడోవంతు మందైనా మా మనిషి అనుకోవాలి గదా అన్నారు. ప్రత్యేక నియోజకవర్గం దేశాన్ని చీలుస్తుందనే వాదన దీనికి వర్తించదు, ఎందుకంటే ఇక్కడ ఓటర్ల జాబితా ఒక్కటే, పోలింగు ఒక్కటే. అయినా సర్దార్ పటేల్ ముందు ఆ సవరణ నిలబడలేదు. పూనాకూ రాజ్యాంగానికీ మధ్య ఒక మూడో దారి ఉందని చూపించిన తెలుగు దళితుడి పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేదు. మన సభల్లో కట్టే ఫ్లెక్సీల మీదా కనిపించదు.

ఆ 35 శాతం ఎందుకు ముఖ్యమో చిన్న లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించి వేసిన లెక్కే, ఏ నియోజకవర్గందీ కాదు. వంద ఓట్లున్న రిజర్వుడు సీటు. అందులో దళితుల ఓట్లు 25, మిగతావాళ్ళవి 75. ఇద్దరు అభ్యర్థులు, ఇద్దరూ దళితులే. మొదటాయన వాడల్లో పనిచేసినవాడు, కూలి రేట్ల దగ్గరా కేసుల దగ్గరా నిలబడ్డవాడు. ఆయనకు దళితుల ఓట్లు 20, బయటివాళ్ళ ఓట్లు 20, మొత్తం 40. రెండో ఆయనకు దళితుల ఓట్లు ఐదే, బయటివి 55, మొత్తం 60. గెలిచింది రెండో ఆయన. వాడలో ఐదుగురిలో నలుగురు వద్దన్న మనిషి ఆ వాడకు ప్రతినిధి అయ్యాడు. నాగప్ప నియమం ఉంటే, 25లో ఐదంటే 20 శాతమే కాబట్టి ఆయన గెలిచినట్టు ప్రకటించడం కుదరదు. వాడల్లో ఓటు అడగకుండా రిజర్వుడు సీటు గెలవడం ఎవరికీ సాధ్యం కాదు.

మూడో తలుపు: పార్వతీపురం

మొదటి రెండు సాధారణ ఎన్నికల్లో కొన్ని ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. ఒకే నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు, ఒకటి జనరల్ సీటు, రెండోది రిజర్వుడు. ఓటరుకు రెండు ఓట్లు. అంబేద్కర్ 1952లో బొంబాయి నార్త్‌లో ఓడిపోయింది ఇలాంటి నియోజకవర్గంలోనే. రిజర్వుడు సీటు కాంగ్రెసు అభ్యర్థి నారాయణ కాజ్రోల్కర్‌కు పోయింది. రాజ్యాంగ రచనా సంఘం అధ్యక్షుడు లోక్‌సభలో అడుగుపెట్టలేకపోయారు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ అదే జరిగింది. 1955కి వచ్చేసరికి ఆయన నాయకత్వంలోని ఫెడరేషన్ కార్యవర్గం చట్టసభల్లో రిజర్వుడు సీట్లే ఎత్తేయమని తీర్మానం చేసింది. ఉద్యోగాల్లో, చదువుల్లో రిజర్వేషన్ల గురించి కాదు ఆ తీర్మానం, చట్టసభల సీట్ల గురించే. ఎంత విసిగిపోతే ఆ మాట వచ్చి ఉంటుందో ఆలోచించాలి.

1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానానికి ఎన్నిక జరిగింది. ఇద్దరు సభ్యులు, ఒక సీటు ఎస్టీలకు రిజర్వు. జనరల్ సీటు కోసం పోటీలో ఉన్నది పేరున్న కార్మిక నాయకుడు, మాజీ కేంద్రమంత్రి వి.వి. గిరి. ఓట్లు లెక్కిస్తే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే వచ్చారు, సత్యనారాయణ దొర, డిప్పల సూరిదొర. గిరి మూడో స్థానంలో, వెయ్యి ఓట్లు కూడా లేని తేడాతో వెనకబడ్డారు. చట్టం ప్రకారం రిజర్వుడు సీటు ఒకరికి పోతుంది, రెండో సీటు మిగిలినవాళ్ళలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళకు పోతుంది. జనరల్ సీటంటే అందరిదీ గదా, అందరిలో గిరిజనుడూ ఉన్నాడు గదా. ఇద్దరు గిరిజనులూ గెలిచినట్టే.

గిరి కోర్టుకెళ్ళారు. ఎస్టీగా నామినేషన్ వేసిన మనిషికి జనరల్ సీటు ఇవ్వకూడదన్నది ఒక వాదన. రెండో వాదన ఇంకా ఆసక్తికరం: సూరిదొర కుటుంబం క్షత్రియులైపోయింది, ఇంక వాళ్ళు కొండదొరలు కారు, గిరిజనులు కారు. కులం మారదు, పుట్టుకతో వచ్చిందే కులం అని మనకు వేల ఏళ్ళు చెప్పిన సమాజం, సీటు పోయేసరికి గిరిజనుడు క్షత్రియుడు కావచ్చని వాదించింది. 1959లో సుప్రీంకోర్టు రెండు వాదనలూ తోసిపుచ్చింది. సూరిదొర ఎన్నిక నిలిచింది.

తర్వాత రెండేళ్ళకు, 1961లో, పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవైపోయాయి, ప్రచారం కష్టం, ఖర్చు ఎక్కువ అని కారణాలు చెప్పారు. అవన్నీ 1952లోనూ ఉన్నవే. రెండు సీట్లూ కింది వాళ్ళకు పోయే అవకాశం ఉందని రుజువైన తర్వాతే ఆ ఇబ్బందులు భరించరానివయ్యాయి. అప్పటినుంచి రిజర్వుడు సీటు వేరు, జనరల్ సీటు వేరు. జనరల్ సీటులో దళితుడు నిలబడకూడదని చట్టం ఎక్కడా చెప్పలేదు. పార్టీలు మాత్రం టికెట్ అడిగిన దళితుడికి, మీకు రిజర్వుడు ఉంది కదా అనే జవాబు నేర్చుకున్నాయి. చట్టం అందరికీ తెరిచి ఉంచిన సీటు వాడుకలో అగ్రకులాల రిజర్వుడు సీటైంది. గిరి మాత్రం నష్టపోలేదు. 1957లోనే ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు.

ఇప్పుడు సీటు ఎలా నడుస్తోంది

ఎస్టీ సీట్లు గిరిజనుల శాతం ఎక్కువున్న చోట పెట్టాలని నియోజకవర్గాల పునర్విభజన చట్టం చెబుతుంది. ఎస్సీ సీట్లకు మాత్రం రెండు నియమాలు: రాష్ట్రంలో వివిధ ప్రాంతాల్లో పంచాలి, సాధ్యమైనంతవరకు ఎస్సీలు ఎక్కువున్న చోట పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 25 లోక్‌సభ సీట్లకు అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు ఎస్సీలకు, అరకు ఎస్టీలకు వచ్చాయి. తెలంగాణలో 17 సీట్లకు పెద్దపల్లి, వరంగల్, నాగర్‌కర్నూల్ ఎస్సీలకు, ఆదిలాబాద్, మహబూబాబాద్ ఎస్టీలకు. పై ఏడు ఎస్సీ స్థానాల్లో దళితులు సగం ఓటర్లున్నది ఒక్కటీ లేదు. దళితులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, ఏ ఊళ్ళోనైనా ఊరి చివరే ఉన్నారు. ఊరి బయట ఉంచిన సమాజమే ఓటు లెక్కలోనూ మనల్ని మైనారిటీగా ఉంచింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. రాజ్యాంగం సీటు ఇస్తుంది, బి-ఫారం మాత్రం పార్టీ అధ్యక్షుడి చేతిలో ఉంటుంది. ఎస్సీ అభ్యర్థికి డిపాజిట్ సగమే, 25,000కు బదులు 12,500. కానీ పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితిని 2022లో 95 లక్షలు చేశారు. డిపాజిట్లో సగం తగ్గింపు ఇచ్చి 95 లక్షల పందెంలో నిలబెట్టారన్నమాట. ఆ డబ్బు ఎవరు పెడతారు? పెట్టినవాడి మాట ఎవరు వింటారు? ఇక ఆ అభ్యర్థికి ఉండాల్సిన మొదటి అర్హత "అందరివాడు" అనిపించుకోవడం. అందరివాడంటే ఊళ్ళో దాడి జరిగినప్పుడు రెండువైపులా రాజీ మాట్లాడేవాడు. కాన్షీరాం 1982లో, పూనా ఒడంబడికకు యాభై ఏళ్ళైన రోజున 'చెంచా యుగం' పుస్తకం తెచ్చి చెప్పింది ఈ సంగతే. ఆ మాటలో కోపం ఉంది. మాకు ఆ కోపం అర్థమవుతుంది గానీ, దాన్ని మనుషుల మీద తిట్టుగా వాడటం మాకిష్టం లేదు. తప్పు అమరికలో ఉంటే మనిషిని మార్చి ఏం లాభం?

మనుషుల సమర్థత సంగతి అయితే అమలాపురం రిజర్వుడు సీటు నుంచి వెళ్ళిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజు సభ నడిపించింది ఆయనే. సభ నడపడం దళితుడికి చేతకాదనే మాట ఆ రోజుతో చచ్చిపోయింది. మిగిలింది అమరిక.

సభలోకి వెళ్ళాక

84, 47 కలిపితే 131. సభలో దాదాపు నాలుగోవంతు. ఈ 131 మంది ఒక మాట మీద నిలబడితే ఏ ప్రభుత్వానికైనా నిద్రపట్టదు. కానీ 1985లో 52వ రాజ్యాంగ సవరణగా ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. పార్టీ విప్‌కు వ్యతిరేకంగా ఓటేస్తే, చివరికి ఓటేయకుండా కూర్చున్నా, సభ్యత్వం పోవచ్చు. డబ్బు సంచులకు అమ్ముడుపోకుండా ఆపడానికి పెట్టిన చట్టం, మనసుకు తోచింది చెప్పేవాడి నోటినీ కట్టేసింది. సొంతంగా బిల్లు పెట్టొచ్చు గదా అంటారు. ప్రైవేటు మెంబరు బిల్లు చట్టమైంది చివరిసారిగా 1970లో. ఎస్సీ, ఎస్టీల సంక్షేమం మీద పార్లమెంటరీ కమిటీ ఉంది, నివేదికలు ఇస్తుంది, వాటిని ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. ఇక రాజ్యసభలో ఎస్సీ, ఎస్టీలకు ఒక్క సీటూ రిజర్వు లేదు. లోక్‌సభ ఆమోదించిన మామూలు బిల్లు చట్టం కావాలంటే ఆ సభ కూడా దాటాలి. ఆ రెండో గుమ్మం దగ్గర మనవాళ్ళు ఎంతమంది ఉండాలో రాజ్యాంగం ఏమీ చెప్పలేదు.

ఉదాహరణకు 103వ రాజ్యాంగ సవరణ చూడండి. ఆర్థికంగా వెనకబడినవారికి పది శాతం రిజర్వేషన్, ఎస్సీ, ఎస్టీ, బీసీలు మినహా. దళితుడు ఎంత పేదవాడైనా ఆ పది శాతంలోకి రాడు. 2019 జనవరి 8న లోక్‌సభలో బిల్లు పెట్టి అదే రోజు ఆమోదించారు. మర్నాడు రాజ్యసభ, 12న రాష్ట్రపతి సంతకం. లోక్‌సభలో వ్యతిరేకంగా పడినవి మూడంటే మూడు ఓట్లు. ఆ మూడూ మనవాళ్ళవే అనుకున్నా, మిగతా 128 మంది అనుకూలంగా వేశారు, లేదా ఆ రోజు సభలో లేరు. మన పేదల్ని బయట ఉంచిన సవరణకు మన సీట్లలో గెలిచినవాళ్ళ నుంచి అడ్డు రాలేదు. ఐదు రోజుల్లో చట్టమైంది. మహిళా బిల్లు 1996లో మొదలై 2023 దాకా తిరిగిన సంగతి దీని పక్కన పెట్టి చూడాలి.

మరి మనకు వచ్చిన చట్టాలు ఎక్కడినుంచి వచ్చాయి? 1968 కీళ్‌వెణ్మణి, 1977 బెల్చి, 1985 జులై 17న మన కారంచేడు. కారంచేడులో ఆరుగురిని చంపారు. చీరాలలో శిబిరం పడింది, దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు ఊరూరూ తిరిగారు. ఇలాంటి ఒత్తిళ్ళన్నీ కలిసి 1989లో అత్యాచారాల నిరోధక చట్టం తెచ్చాయి, 1990 జనవరి 30న అది అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ఉండగానే 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి మళ్ళీ పోరాటం చేయాల్సి వచ్చింది. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే నీరుగార్చినప్పుడు ఏప్రిల్ 2న దేశమంతా జనం రోడ్డెక్కారు, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి చట్టాన్ని నిలబెట్టింది. అప్పుడు కొందరు దళిత ఎంపీలు గట్టిగానే మాట్లాడారు, కాదనం. వాళ్ళకు ఆ గొంతు ఇచ్చింది రోడ్డు.

మన లోపలి ప్రశ్నలు

ఇంతవరకు చెప్పింది విని, అయితే ప్రత్యేక నియోజకవర్గాలే పరిష్కారం అనే మిత్రులున్నారు. మేమూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాం. కానీ విమర్శ మనదాకా కూడా రావాలి.

ఉమ్మడి ఓటుతో ఏదీ సాధ్యం కాదనడం నిజం కాదు. జె. ఈశ్వరీబాయి రిపబ్లికన్ పార్టీ నుంచి 1967లో, 1972లో ఎల్లారెడ్డి ఎమ్మెల్యేగా గెలిచారు. కాన్షీరాం 1991లో ఇటావా జనరల్ సీటు నుంచే లోక్‌సభకు వెళ్ళారు. బీసీలు, ముస్లింలు కలిసొస్తే ఉమ్మడి ఓటు మన చేతిలో ఆయుధమూ అవుతుంది. అయితే అదే పార్టీకి 2014లో దేశం మొత్తం మీద నాలుగు శాతానికి పైగా, రెండు కోట్లు దాటిన ఓట్లు వచ్చి సీట్లు సున్నా వచ్చాయి. ఆ ఎన్నికలోనే దానికంటే తక్కువ ఓట్లతో అన్నా డీఎంకేకు 37 సీట్లు వచ్చాయి. ఒకే రాష్ట్రంలో కుప్పగా ఉన్న ఓటుకు విలువ, ఊరూరా చెదిరి ఉన్న ఓటుకు విలువ లేదు. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాడే గెలిచే పద్ధతి చెదిరి ఉన్న జనానికి శత్రువు.

రెండో ప్రశ్న. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ జాబితాలో 59 కులాలున్నాయి. రిజర్వుడు సీట్లు వాటిలో ఏ కులాలకు వచ్చాయి? రెల్లి, డక్కలి, చిందు, మష్టి కులాల మనిషి ఒక్కడైనా లోక్‌సభ దాకా పోగలడా? 1994లో మాదిగ దండోరా లేపిన ప్రశ్నకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు జవాబిచ్చింది, కానీ అది ఉద్యోగాల, చదువుల వరకే. చట్టసభల సీట్లలో వర్గీకరణ లేదు. సవర్ణ మెజారిటీ మనల్ని ఎన్నుకోనివ్వడం లేదని అరిచే మనం, మనలో పెద్ద కులాలు చిన్న కులాలను ఎన్నుకోనివ్వడం లేదన్నది వినాలి. దళిత స్త్రీల సంగతీ అంతే. 2023లో వచ్చిన 106వ సవరణ మూడోవంతు సీట్లు స్త్రీలకు ఇచ్చింది, ఎస్సీ, ఎస్టీ సీట్లలోనూ మూడోవంతు. కానీ అమలును తర్వాతి జనాభా లెక్కకూ, పునర్విభజనకూ ముడిపెట్టింది. బీసీ స్త్రీలకు వేరే వాటా లేదు.

మూడోది దళిత క్రైస్తవులు. 1950 ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ణి చేర్చలేదు. కోస్తా పల్లెల్లో సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఒక పేరు ఉన్న మనిషి రిజర్వుడు సీటుకు నామినేషన్ వేస్తే ముందు ఆయన ప్రార్థన మీద కేసు పడుతుంది. రేపు దళిత ఓట్లు వేరుగా లెక్కపెడదామంటే, దళితుడు ఎవరన్న ఈ తగువే ముందుకొస్తుంది.

నాలుగోది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. నాగప్ప నియమం అమలు కావాలంటే దళితుల ఓట్లు వేరుగా లెక్క తెలియాలి. ఇప్పటికే బూతుల వారీగా ఫలితాలు ఫారం 20లో బయటికి వస్తున్నాయి. ఏ వాడ ఎటు వేసిందో పెత్తందారుకు మర్నాటికల్లా తెలిసిపోతుంది. పని ఆపేయడం, నీళ్ళు ఆపేయడం అక్కడినుంచే మొదలు. బూతుల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, అది అమలుకు రాలేదు. వాడ మొత్తాన్ని ఊరి కళ్ళముందు నిలబెట్టే లెక్క మనకు మేలు చేయదు. నియోజకవర్గం మొత్తానికి ఒకే అంకె, ఏ బూతుదీ బయటపడకుండా వచ్చే పద్ధతి ఉంటే తప్ప నాగప్ప ప్రశ్నను యథాతథంగా తిరిగి పెట్టలేం. ఇది సాంకేతిక సమస్యగా కనిపిస్తుంది, కానీ కూలి కోసం ఊళ్ళోకి పోయే మనిషికి ప్రాణ సమస్య.

2030 వస్తోంది

రాజ్యాంగంలో 334వ అధికరణం సీట్ల రిజర్వేషన్‌కు మొదట పదేళ్ళ గడువు పెట్టింది. ఇప్పటికి ఏడుసార్లు పొడిగించారు. చివరిది 2019లో చేసిన 104వ సవరణ, గడువు 2030 జనవరి దాకా. ఏడుసార్లూ కాలం పెంచారు, తీరు మార్చలేదు. పొడిగించిన ప్రతిసారీ మనం పండగ చేసుకున్నాం, వాళ్ళు దయ చూపించినట్టు మాట్లాడారు.

ఈసారి పొడిగింపు ఒక్కటే అడగకూడదని మా అభిప్రాయం. కొన్ని డిమాండ్లు చర్చకు పెడుతున్నాం. వీటిని తీర్పులుగా తీసుకోవద్దు. వాడల మద్దతు కొంతైనా లేనివాడు వాడల సీటు గెలవకూడదన్న నాగప్ప సూత్రాన్ని, ఓటు రహస్యం చెడకుండా ఎలా అమలు చేయాలో తేల్చాలి. చెదిరి ఉన్న ఓటుకు విలువ రావాలంటే దామాషా పద్ధతి కొంతైనా ఉండాలి. లా కమిషన్ 1999లోనే, తన 170వ నివేదికలో, కొన్ని సీట్లు పార్టీ జాబితాల ద్వారా దామాషాలో నింపమని సూచించింది. ఆ జాబితాల్లో చిన్న కులాలకు, స్త్రీలకు చోటు తప్పనిసరి చేయొచ్చు. రాజ్యసభలో రిజర్వేషన్ కావాలి. ప్రభుత్వం పడిపోయే ఓటు తప్ప మిగతా ఓట్లకు విప్ ఉండకూడదు.

ఇవన్నీ రాజ్యాంగ సవరణలే, రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఇప్పటి పద్ధతిలో గెలిచినవాళ్ళే ఈ పద్ధతిని మార్చాలి. వాళ్ళంతట వాళ్ళు మార్చరు. 1989లో, 2018లో ఎవరు మార్పించారో పైన చూశాం.

టీచర్లకు మా విన్నపం ఒకటుంది. ఈసారి పార్లమెంటు పాఠం చెప్పేటప్పుడు 84 అనే అంకె దగ్గర పది నిమిషాలు ఆగండి. నాగప్ప గురించి, పార్వతీపురం గురించి చెప్పండి. పై వంద ఓట్ల లెక్క బోర్డు మీద వేయించండి. ఇందులో గెలిచినవాడు ఎవరి మనిషి అని వెనక బెంచీ పిల్లల్ని అడగండి. పరీక్షలో రాని ఆ ప్రశ్నకు వాళ్ళు జవాబు వెతకడం మొదలుపెడితే, 2030లో పొడిగింపు బిల్లు సభకు వచ్చేనాటికి వాళ్ళ చేతిలో ఓటు ఉంటుంది.